చలి ఉదయాన పాత కారు

అనంతపురం పేరు చెప్పగానే మన మనస్సులో మెదిలేవి ఎండ, బీటలు వారిన నేల, వేరుశనగ చేలు, మబ్బు కోసం ఎదురుచూసే కళ్ళు. చలి అనే మాట ఆ వరుసలో తోచదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ పీఠభూమిలో, ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీల సెంటిగ్రేడు ఎండ సామాన్యం. అటువంటి చోట మోటారు ఇంజనును చలి నుండి కాపాడుకోవడం గురించి ప్రసంగించడం కొందరికి వింతగా ఉండవచ్చు. కాని ధనుర్మాసపు వేకువలో పాత అంబాసిడరునో, ప్రీమియర్ పద్మినినో కదిలించబోయిన వారికి ఇది వింత కాదు. సెల్ఫు కొడితే ఇంజను మూలుగుతుంది, ఎట్టకేలకు అంటుకుంటుంది, వెంటనే ఆగిపోతుంది. మళ్ళీ అంటుకున్నా, వీధి మలుపు తిరిగేలోపల నాలుగుసార్లు కుదుపుతుంది. ఇందుకు కారణమేమి? దీనిని సరిదిద్దుకోవడం ఎట్లా?

మొదట మన చలి సంగతి చూద్దాం. వాన తక్కువ కావడమూ, రాత్రి చల్లబడటమూ ఒకే కారణానికి రెండు ముఖాలు. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు ఉంటే అవి నేలకు దుప్పటి వలె పనిచేసి, పగటి వేడిని రాత్రి వేళ పైకి పోనీయవు. మబ్బులేని చోట ఆ దుప్పటి ఉండదు. పగలు వేడెక్కిన రాతినేల సూర్యుడు అస్తమించగానే తన వేడిని ఆకాశంలోకి విడిచిపెడుతుంది. అందుచేత డిసెంబరు, జనవరి నెలలలో మధ్యాహ్నం 30 డిగ్రీలున్న ఊరు తెల్లవారేసరికి 16, 17 డిగ్రీల దాపునకు దిగుతుంది. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంటే, హిందూపురం 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ, మడకశిర వైపున చలి ఇంకా కొంచెం హెచ్చు.

మనిషికి 16 డిగ్రీలంటే ఒక శాలువాతో తీరే చలి. ఇంజను లెక్క వేరు. నీటితో చల్లబరచే కారు ఇంజనును, లోపలి నీరు దాదాపు 80 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు చక్కగా పనిచేసేటట్లు నిర్మిస్తారు. దాని పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే సందు, నూనె చిక్కదనం, పెట్రోలు ఆవిరి కావడం — ఇవన్నీ ఆ వేడికి సరిపడేటట్లు కూర్చినవే. ఆ దృష్టితో చూస్తే డిసెంబరు వేకువ 16 డిగ్రీలే కాదు, మే నెల 40 డిగ్రీలు కూడా ఇంజనుకు చలే. కెనడా మైదానాలలోను, స్వీడన్ ఉత్తర భాగంలోను రాత్రంతా విద్యుత్తుతో ఇంజనును వెచ్చగా ఉంచే ఏర్పాటు చేసుకుంటారు. మనకు అంత అవసరం లేదు. కాని మన ప్రాంతంలో ఇంకొక ఇబ్బంది ఉన్నది. ఎండకు భయపడి మనం కారుకు చేసే కొన్ని మార్పులే చలి ఉదయాన దానికి శిక్ష అవుతున్నాయి. ఆ మార్పులు ఏవో తెలుసుకోవాలంటే ముందు ఇంజను ఎట్లా అంటుకుంటుందో తెలియాలి.

ద్రవరూపంలో ఉన్న పెట్రోలు సిలిండరులో మండదు. దాని ఆవిరి మండుతుంది. తూకం ప్రకారం ఒక పాలు పెట్రోలు ఆవిరికి సుమారు 15 పాళ్ళ గాలి కలిస్తే మిశ్రమం పూర్తిగా కాలుతుంది. ఈ కలయికను కుదిర్చే పరికరమే కార్బురేటరు. గాలి ఇరుకైన గొంతులో నుండి వేగంగా పోతున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, సన్నని రంధ్రం నుండి పెట్రోలు తుంపరగా పైకి వస్తుంది. జర్మనీలో విల్హెల్మ్ మైబాక్ 1893లో రూపొందించిన తుంపర కార్బురేటరు నుండి నిన్నమొన్నటి మారుతి 800 వరకు మూలసూత్రం ఇదే.

మన దేశంలో 2000 సంవత్సరం నాటికి పొగ నియమాలు కఠినమైన తరువాత కొత్త కార్లలో కార్బురేటరు స్థానంలో ఇంజెక్షను పద్ధతి వచ్చినది. 2019లో పెనుకొండ వద్ద ప్రారంభమైన కియా కర్మాగారం నుండి ఇదే పీఠభూమి మీద వెలువడుతున్న కార్లలో, ఇంజను ఎంత చల్లగా ఉన్నదో కొలిచి తగినంత ఇంధనం ఇచ్చే బాధ్యత యంత్రానిదే. పాత కారులో ఆ బాధ్యత నడిపే మనిషిది. అంబాసిడరు తయారీ 2014లో ఆగినది. పద్మిని అంతకు చాలా ముందే ఆగినది. అయినా తండ్రి కొన్న కారని వాటిని అపురూపంగా ఉంచుకున్న ఇండ్లు నేటికీ ఉన్నాయి. ఈ మాటలు ముఖ్యంగా వారికోసం.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. సుమారు 35 డిగ్రీల వద్ద మరిగే తేలిక భాగాల నుండి 200 డిగ్రీల దాకా ఓర్చుకునే బరువైన భాగాల వరకు అనేకం అందులో కలిసి ఉంటాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తేలిక భాగాలు మాత్రమే ఆవిరి అవుతాయి. మిగిలినది చల్లని గొట్టం గోడలకు తడిగా అంటుకుంటుంది. కార్బురేటరు సరియైన పాళ్ళలోనే పెట్రోలు పంపినా, సిలిండరుకు చేరే ఆవిరి చాలదు. దీనికి ఉపాయం పెట్రోలును అవసరానికి మించి పంపడమే. అందులో ఆవిరి అయ్యే తేలిక భాగం మాత్రమైనా ఇంజను అంటుకోవడానికి చాలుతుంది. ఆ పని చేసేదే మనం లాగే చోకు.

చోకు రెండు విధాలుగా పనిచేస్తుంది. కొన్ని కార్బురేటర్లలో గాలి వచ్చే గొంతుకు అడ్డంగా ఒక రేకు తిరిగి, గాలిని తగ్గించి పెట్రోలును ఎక్కువ లాగుతుంది. ఎస్.యు. రకంలో అడ్డురేకు ఉండదు. జెట్టు కిందికి దిగి, అందులోని సూది చుట్టూ సందు పెరిగి, ఎక్కువ పెట్రోలు వస్తుంది. పాత అంబాసిడర్లలో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. తమ కారులో ఏది ఉన్నదో తెలుసుకోవడం మంచిది. ఏమంటే, కొన్ని కార్బురేటర్లలో యాక్సిలరేటరును తొక్కినప్పుడల్లా ఒక చిన్న పంపు పెట్రోలు చిమ్ముతుంది, ఎస్.యు. రకంలో ఆ పంపు లేదు. అందులో పెడలును పదిసార్లు తొక్కినా ఒరిగేది లేదు.

ఉదయాన చోకును పూర్తిగా లాగి, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా, క్లచ్చి తొక్కిపట్టి సెల్ఫు కొట్టాలి. క్లచ్చి తొక్కితే గేరుపెట్టెలోని చిక్కని నూనెను తిప్పే శ్రమ బ్యాటరీకి తప్పుతుంది. ఒక్కొక్క ప్రయత్నం పది సెకన్లకు మించకూడదు. నడుమ అరనిమిషం విరామం ఇవ్వాలి. ఇంజను అంటుకోగానే చోకును సగానికి, ఆ తరువాత ఇంజను కుదుటపడుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా లోపలికి నెట్టాలి. పెట్రోలు వాసన గుప్పుమని వచ్చి ఇంజను అంటుకోకపోతే ప్లగ్గులు తడిశాయని అర్థం. అప్పుడు చోకును పూర్తిగా మూసి, యాక్సిలరేటరును అడుగంటా తొక్కి ఉంచి సెల్ఫు కొడితే గాలి లోపలికి పోయి తడి ఆరుతుంది.

చోకు మరచిపోయి కిలోమీటర్ల తరబడి నడిపేవారున్నారు. అది చిన్న పొరపాటు కాదు. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడ మీది నూనె పొరను కడిగివేస్తుంది. పిస్టను రింగుల సందున దిగి అడుగున ఉన్న ఇంజను ఆయిలును పలచబరుస్తుంది. ప్లగ్గులకు మసి పట్టిస్తుంది. సైలెన్సరు నుండి వచ్చే పొగ ఈ సంగతులన్నీ చెప్పగలదు. నల్లపొగ పెట్రోలు మితిమీరినదని చెబుతుంది. నీలిపొగ నూనె కాలుతున్నదని చెబుతుంది. చలిలో కనబడి కొద్దిసేపట్లో మాయమయ్యే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని ఆవిరి ఆగకపోతే మాత్రం నీరు సిలిండరులోకి కారుతున్నదేమో చూపించుకోవాలి.

ఇంజను అంటుకున్న తరువాత నిలిపిన చోటనే పావుగంట తిప్పితే మంచిదని అనేకుల నమ్మకం. వాస్తవం ఇందుకు భిన్నం. నిలిచి తిరిగే ఇంజను కొద్దిపాటి పెట్రోలే కాల్చుతుంది కనుక పుట్టే వేడి కూడా కొద్దిగానే ఉంటుంది. చల్లని ఇంజను, తెరిచిన చోకు, పలచబడుతున్న నూనె — ఈ మూడూ ఎక్కువసేపు సాగుతాయి. నూనె ఒత్తిడి చూపే దీపం ఆరి, ఇంజను నిలకడగా తిరగడానికి అరనిమిషమో, నిమిషమో చాలును. తరువాత మెల్లగా బయలుదేరాలి. కొద్ది బరువు మీద పడగానే ఇంజను త్వరగా వేడెక్కుతుంది. దానితోబాటు గేరుపెట్టె, చక్రాల బేరింగులు కూడా వెచ్చబడతాయి. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు ఇంజనును అరిపించరాదు. నిండు బరువుతో ఎత్తు ఎక్కించరాదు. చేయవలసినదంతా అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంజను త్వరగా వేడెక్కడానికి నిర్మాతలు అమర్చిన సాధనం థర్మోస్టాటు. ఇది ఇంజను నుండి రేడియేటరుకు నీరు పోయే దారిలో ఉండే చిన్న కవాటం. నీరు చల్లగా ఉన్నంతసేపు ఇది మూసుకుని ఉంటుంది. కనుక ఇంజనులోని కొద్ది నీరే తిరుగుతూ త్వరగా కాగుతుంది. నీరు నిర్ణీతమైన వేడికి చేరగానే లోపలి మైనం వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అప్పుడు నీరు రేడియేటరుకు పోయి చల్లబడి వస్తుంది. అంబాసిడరులోని బి.ఎం.సి. ఇంజను వంటి వాటికి ఉష్ణదేశాలలో 74 డిగ్రీల వద్ద, సాధారణంగా 82 డిగ్రీల వద్ద, శీతల దేశాలలో 88 డిగ్రీల వద్ద తెరుచుకునే కవాటాలు వాడుకలో ఉన్నాయి. ఇందులో గమనించవలసినది ఒకటే: ఉష్ణదేశానికి తక్కువ డిగ్రీల కవాటం ఇచ్చారే గాని, కవాటమే వద్దనలేదు.

మన షెడ్లలో జరిగేది మరొకటి. వేసవిలో కారు మరిగినదని తీసుకుపోతే, కొందరు మెకానిక్కులు ముందుగా చేసే పని థర్మోస్టాటును తీసి పారవేయడం. ఎండదేశంలో దీనితో పనేమిటని వారి వాదన. అప్పటి నుండి ఆ కారులో మొదటి నిమిషం నుండే నీరంతా రేడియేటరు గుండా తిరుగుతుంది. మే నెలలో తేడా తెలియకపోవచ్చు. డిసెంబరు వేకువలో మాత్రం ఎదురుగాలికి రేడియేటరు చల్లబడుతూ, ముల్లు పైకి లేవనే లేవదు. బడికి, అంగడికి వెళ్ళివచ్చే చిన్న ప్రయాణాలలో ఇంజను ఒక్కసారి కూడా పూర్తిగా వేడెక్కదు.

దీనివల్ల నష్టం పెట్రోలుతో ఆగదు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజను వేడిగా ఉంటే ఆ ఆవిరి సైలెన్సరు గుండా వెళ్ళిపోతుంది. సిలిండరు గోడలు చల్లగా ఉంటే అది అక్కడే చెమట వలె పట్టి, దహనంలో పుట్టిన ఆమ్లాలతో కలిసి ఇనుమును తినివేస్తుంది. 1930ల దశకంలో బ్రిటనులో సి. జి. విలియమ్స్ నడిపిన పరిశోధనలు ఈ సంగతిని తేటతెల్లం చేశాయి. చల్లని ఇంజనులో సిలిండరు అరుగుదలకు రాపిడి ఒక్కటే కారణం కాదని, ఈ తుప్పు కూడా ముఖ్యకారణమని తేలినది. రోజూ నాలుగు కిలోమీటర్లే తిరిగే కారు, దూరప్రయాణాల కారు కంటె ముందుగా రీబోరుకు రావడంలోని రహస్యం ఇదే.

థర్మోస్టాటు తీస్తే వేసవిలో మరగడమైనా తగ్గుతుందా? కవాటం చెడి మూసుకుపోయి ఉంటే తగ్గుతుంది. అప్పుడు కొత్తది వేయడం దారి. తక్కిన కార్లలో మరిగే జబ్బుకు మూలం ఎక్కువగా నీటిలోనే ఉన్నది. మన పీఠభూమిలో బోరునీరు కఠినజలం. కాగు అడుగున తెల్లని సున్నపు పెంకు కట్టడం ప్రతి గృహిణికీ తెలుసును. కాగులో కట్టినదే రేడియేటరు సన్నగొట్టాలలోను, సిలిండరు చుట్టూ ఉన్న నీటిదారులలోను కడుతుంది. సున్నపు పెంకు వేడిని సరిగా దాటనీయదు. ఇంజనులోని వేడి నీటికి, నీటిలోని వేడి గాలికి అందక మరుగుతుంది. కరువు సీమలో నీరు పోయడమే గగనమైన నాడు ఏ నీరని ఎంచలేదు. కాని రేడియేటరుకు కావలసినది కొద్ది లీటర్లే. ఇంటికప్పు మీద పట్టిన శుభ్రమైన వాననీరు గాని, బ్యాటరీకి పోసే శుద్ధజలం గాని పోసి, తుప్పును అరికట్టే కూలెంటు కలిపితే పెంకు కట్టదు. రేడియేటరు మూతలోని స్ప్రింగు కూడా ముఖ్యమే. అనంతపురం ఎత్తున తెరిచిన పాత్రలో నీరు 99 డిగ్రీల దాపున మరుగుతుంది. ఒత్తిడిని నిలిపే మూత బాగుంటే ఆ మరుగు స్థానం పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత విప్పరాదు.

థర్మోస్టాటు పనిచేస్తున్నదీ లేనిదీ ఇంటివద్దనే చూడవచ్చు. దానిని దారంతో కట్టి, వంటకు వాడని గిన్నెలో నీరుపోసి వేలాడదీసి, పక్కన ఉష్ణమాపకం ఉంచి కాచాలి. తనమీద ముద్రించిన డిగ్రీల దాపున తెరుచుకుని, చల్లారితే మూసుకుంటే అది మంచిది. కొందరు దీనికి బదులు చలికాలంలో రేడియేటరు ముందు అట్టముక్క అడ్డు పెడతారు. అది మన చోట ప్రమాదం. వేకువన 16 డిగ్రీలున్న గాలి పది గంటలు దాటగానే వేడెక్కుతుంది; అట్ట సంగతి మరచిపోయిన వారి ఇంజను మరుగుతుంది.

ఎండకు భయపడి చేసే రెండవ పని చిక్కని నూనె పోయడం. ఒకే చిక్కదనం గల 40, 50 నంబరు ఆయిలు వేకువ చలిలో బంక వలె ఉండి, బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. సెల్ఫు మోటారుకు బరువవుతుంది. ఇటువంటి పాత ఇంజన్లకు 20డబ్ల్యు-50 వంటి బహుశ్రేణి ఆయిలు తగినది. చలిలో అది పలచని నూనె వలె కదులుతుంది. వేడిలో చిక్కని నూనె వలె నిలుస్తుంది. బ్యాటరీ కథ కూడా ఇట్లాంటిదే. దాని పలకలను క్షీణింపజేసేది ఎక్కువగా వేసవి వేడి. ఆ బలహీనత బయటపడేది చలి ఉదయాన. వేసవి అంతా శుద్ధజలం మట్టం చూసుకున్న బ్యాటరీ డిసెంబరులో మొరాయించదు. చలికాలానికి ముందు ప్లగ్గుల సందు, పాయింట్ల సందు సరిచూసుకోవడం, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరును శుభ్రం చేసుకోవడం కూడా మరవరాదు.

ఇటీవల వచ్చిన మార్పు ఒకటి పాత కార్ల యజమానులు గుర్తించవలసి ఉన్నది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం వాడుకలోకి వచ్చినది. ఇథనాలు ఆవిరి కావడానికి పెట్రోలు కంటె రెండింతలకు మించి వేడిని గ్రహిస్తుంది. 78 డిగ్రీల వద్ద గాని మరగదు. పైగా దానిలోనే ప్రాణవాయువు ఉండటంవల్ల పాత జెట్లతో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. కనుక వేకువన మునుపటి కంటె చోకు కొంచెం ఎక్కువసేపు కావలసి రావచ్చు. ఇథనాలు తేమను పీల్చుతుంది. పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను ఉబ్బించి చెరచవచ్చు. వారాల తరబడి కదలని కారులో పెట్రోలు నిలువ ఉంచకుండా ఉండటం, రబ్బరు గొట్టాలను కొత్తరకం వాటితో మార్పించడం శ్రేయస్కరం. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చివరగా ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక. చలికి జడిసి షెడ్డు తలుపులు మూసి, లోపల ఇంజనును వేడెక్కించేవారున్నారు. చోకు లాగిన ఇంజను పొగలో కార్బను మోనాక్సైడు అధికంగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా అది రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత అనిపించేసరికే లేచి తలుపు తీసే శక్తి ఉండకపోవచ్చు. ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డయితే లోపల నిద్రించే పిల్లలకు కూడా అపాయమే. ముందు తలుపులు బార్లా తెరవాలి. ఇంజను అంటుకోగానే కారును వెలుపలికి తేవాలి. వీధిలో నిలిపి ఉంచిన కారులో అద్దాలు బిగించుకుని ఇంజను నడుపుతూ కునుకు తీయడం కూడా ఇంతే ప్రమాదకరం.

ఇన్ని మాటలలో ముందుగా చేయవలసినది ఏదని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. రేపు మెకానిక్కు వద్దకు వెళ్ళినప్పుడు, మన కారులో థర్మోస్టాటు ఉన్నదా, లేదా అని అడగండి. లేకపోతే రేడియేటరు కడిగించి, మంచినీరు, కూలెంటు పోయించి, మన వాతావరణానికి తగిన కవాటం వేయించండి. దాని వెల కొద్ది వందల రూపాయలు. రీబోరు ఖర్చు వేలలో ఉంటుంది. ఎండ సీమలో ఉన్నామని మనం ఎంత అనుకున్నా, ప్రతి ఉదయమూ మన ఇంజను చలిలోనే కళ్ళు తెరుస్తుంది. ఆ మొదటి పది నిమిషాలు దానిని ఎట్లా చూసుకుంటే, అది అన్నేండ్లు మనలను మోస్తుంది.